అమ్మకు షుగర్, మూత్రంలో ఇన్ఫెక్షన్ తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తాంది. ఒంట్లో ఉండే రక్షణ ఏమైపోతాంది?

జొన్నరొట్టె_కర్నూలు
అమ్మకు అరవై దాటినాయి. షుగర్ వచ్చి చాలా ఏండ్లయింది. ఈ ఏడాది పొడుగునా ఇదే బాధ: ఒంటికి పోతే మంట, పొత్తికడుపులో నొప్పి, రాత్రంతా బాత్రూముకు తిరగడం. మాత్రలు వాడితే తగ్గుతాది, కొన్నాళ్ళకు మళ్ళీ మొదలు. మొన్న చూపిస్తే మూడు నెలల షుగర్ 10.2 ఉంది. "షుగర్ వల్ల ఒంట్లో రక్షణ తగ్గిపోయిందమ్మా" అని ఒక్క మాట చెప్పి డాక్టరు మాత్రలు రాసిచ్చినాడు. బయట అంత జనం కూచోనుంటే ఇంకేం అడుగుతాం.

నాకు తెలియాల్సింది ఇది. ఆ రక్షణ అనేది ఏంది? రక్తంలో ఉంటాదా, మూత్రసంచిలోనే ఉంటాదా? షుగర్ దాన్ని ఏం చేస్తాది? తిరిగి తెచ్చుకునే దారి ఉందా? మా వీధిలో ఒకాయన ఇమ్యూనిటీ పౌడర్ అని 1800 రూపాయల డబ్బా తెచ్చి చూపించినాడు, అమ్మ కొందామంటాంది. ఆమెతో వాదం పెట్టుకునే ముందు సరిగ్గా తెలుసుకుందామని అడుగుతాండా.

పెన్నా_ఒడ్డు
ఆ 1800 పెట్టి గ్లూకోమీటరు స్ట్రిప్పులు కొనియ్యి. మిగతాది తెలిసినోళ్ళు చెప్తారు.

ఆదోని_పత్తి
ఇంత ఆలోచన అక్కర్లేదప్పా. ఒంటికి వేడి చేసింది. కర్నూలు ఎండలకు ఎవరికైనా చేస్తాది. బార్లీ నీళ్ళు, సబ్జా గింజలు, పల్చటి మజ్జిగ తాపిచ్చు. మా జేజి కాలంనుంచి ఇదే మందు.

జొన్నరొట్టె_కర్నూలు
@ఆదోని_పత్తి అన్నీ అయినాయన్నా. బార్లీ తాగిన రోజు కాస్త హాయిగా ఉంటాది. మూడో రోజుకు చలి జ్వరం.

మైక్రో_మేడమ్_అనంత
అనంతపురంలో నర్సింగ్ పిల్లలకు మైక్రోబయాలజీ చెప్తాను, డాక్టరును కాదు. మందుల మాట మీ డాక్టరుదే. అయితే ఈ ప్రశ్న మా క్లాసులో ఎవరైనా అడిగితే నాకు పండగే, అందుకని పెద్దగానే రాస్తా.

ఈ ఇన్ఫెక్షన్లలో నూటికి 75కు పైగా ఈ.కోలై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చేవే. అది ఎక్కడినుంచో రాదు, మన పేగుల్లోనే కాపురముంటుంది. మలద్వారం దగ్గర్నుంచి మూత్రద్వారానికి, అక్కడ్నుంచి పైకి సంచిలోకి పాకుతుంది. ఆడవాళ్ళకు ఆ గొట్టం పొడవు 4 సెంటీమీటర్లు, మగవాళ్ళకు 20 దాకా. ఆడవాళ్ళకే ఈ బాధ ఎక్కువ ఎందుకో ఇక్కడే సగం తెలిసిపోతుంది.

పైకి పాకిన ప్రతి క్రిమీ జబ్బు చేయలేదు. మొదటి అడ్డు మూత్రం ధారే. సంచి నిండి ఖాళీ అయిన ప్రతిసారీ, పట్టు దొరకని క్రిములన్నీ కొట్టుకుపోతాయి. అందుకే ఈ.కోలైకి ఒంటినిండా సన్నటి పోగులుంటాయి, ఆ పోగుల కొసన కొక్కేలు. పల్లేరుకాయ చీర కుచ్చిళ్ళను పట్టుకున్నట్టు, సంచి లోపలి పొరమీదుండే మ్యానోజ్ అనే ఒకరకం చక్కెరను ఆ కొక్కేలు పట్టుకుంటాయి. దీనికి కిడ్నీ విరుగుడు పెట్టుకుంది. యూరోమోడ్యులిన్ అనే ప్రోటీన్ తయారుచేసి మూత్రంలోకి వదులుతుంది. దానిమీద కూడా అదే మ్యానోజ్. క్రిమి గోడను పట్టుకోబోయి దీన్ని పట్టుకుని మూత్రంతో బయటికి పోతుంది. 1950లో ట్యామ్, హార్స్‌ఫాల్ అనే ఇద్దరు దీన్ని మూత్రంలోంచి వేరుచేశారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ మూత్రంలో అన్నిటికన్నా ఎక్కువగా ఉండే ప్రోటీన్ ఇదే.

అది కూడా దాటి గోడకు అంటుకుంటే గోడే తిరగబడుతుంది. క్రిమి పట్టుకున్న పైపొర కణం క్రిమితో సహా ఊడి మూత్రంలో పడిపోతుంది. పక్క కణాలు క్రిములను చంపే చిన్న చిన్న ప్రోటీన్లను ఊరుస్తాయి. క్యాథెలిసిడిన్, సోరియాసిన్, ఆర్‌నేజ్ 7 అని వాటి పేర్లు. మందుల షాపు పుట్టక ముందునుంచీ మన ఒళ్ళు సొంతంగా చేసుకుంటున్న యాంటీబయాటిక్‌లు ఇవి. అదే సమయంలో కబురు పోయి రక్తంలోంచి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దిగుతాయి, క్రిములను మింగుతాయి.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు జవాబు: రెండుచోట్లా ఉంటుంది. ఎక్కువ భాగం ఆ గోడలోనే, ఆ మూత్రంలోనే ఉంటుంది. షుగర్ సంగతి సాయంత్రం క్లాసు అయినాక రాస్తా.

జొన్నరొట్టె_కర్నూలు
మేడమ్, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. అమ్మ రిపోర్టులో "పస్ సెల్స్ 25-30" అని ఉంది. లోపల చీము పట్టిందని ఆమె భయపడతాంది.

ల్యాబ్_టెక్_నంద్యాలరోడ్
పస్ సెల్స్ అంటే మేడమ్ చెప్పిన ఆ తెల్లకణాలే. మైక్రోస్కోపులో ఒక్క చూపుకు కనబడేవి ఎన్నో లెక్కపెట్టి రాస్తాం. 25-30 అంటే పోరాటం గట్టిగా జరుగుతాందని. పుండులో చీము పట్టినట్టు లోపల గడ్డ కట్టిందని కాదు, అమ్మకు ధైర్యం చెప్పు.

ఆదోని_పత్తి
అయితే వేడి అనేదే లేదంటారా? ఎండాకాలంలోనే ఇది ఎక్కువ గదా, అదెట్ల?

స్టాఫ్‌నర్సు_సీమ
అన్నా, మీరు చూసింది నిజమే. ఎండాకాలంలో చెమట ఎక్కువ పోతాది, నీళ్ళు చాలవు, మూత్రం చిక్కబడి రోజుకు రెండుమూడుసార్లే వస్తాది. కొట్టుకుపోవాల్సిన క్రిములు లోపలే ఉండి పిల్లలు పెడతాయి. మీ జేజి బార్లీ నీళ్ళు ఆ ధారను పెంచేవి, అందుకే గుణం కనపడేది. మామూలు మంటకు సరిపోతాది. చలి జ్వరం వచ్చినాక బార్లీతో కూచోకూడదు.

టిక్కెట్_టిక్కెట్
ధార మాట వచ్చింది గాబట్టి చెప్తాండా. నేను బస్సు కండక్టరును. కదిరి రూట్లో డ్యూటీ ఎక్కితే మళ్ళీ బస్టాండు వచ్చేదాకా ఒంటికి పోయే దారి లేదు. అందుకని పొద్దున్నుంచి నీళ్ళే తాగం. మా డిపోలో ఆడోళ్ళు సగంమంది ఇట్లనే. అందులో షుగర్ ఉన్నోళ్ళ గతి ఇంకా ఘోరం. రక్షణ తగ్గింది, నీళ్ళు తాగండి అని అందరూ చెప్తారు. తాగినాక యాడికి పోవాల? బాత్రూము ఉన్నా తాళం, లేదంటే లోపలికి అడుగుపెట్టలేం.

పెన్నా_ఒడ్డు
అక్క చెప్పింది నూటికి నూరు నిజం. బట్టల షాపుల్లో నిలబడే పిల్లలదీ ఇదే కథ. పన్నెండు గంటలు నిలబడాల, బాత్రూముకు పోతే ఓనరు గడియారం చూస్తాడు.

స్టాఫ్‌నర్సు_సీమ
@టిక్కెట్_టిక్కెట్ అక్కా, ఇది మీ ఒక్కరి చేతిలో లేదు, నిజమే. అయినా వీలున్నంత చేయండి. డ్యూటీ ఎక్కే ముందు, దిగినాక బాగా తాగండి. బస్టాండు వచ్చిన ప్రతిసారీ వచ్చినా రాకపోయినా పోండి. బల్గేరియాలో 140 మంది ఆడవాళ్ళమీద జరిగిన ఒక పరిశోధన ఫలితం 2018లో వచ్చింది. అందరూ తక్కువ నీళ్ళు తాగే అలవాటున్నోళ్ళు, మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చేవాళ్ళు. సగంమందిని రోజుకు లీటరున్నర నీళ్ళు అదనంగా తాగమన్నారు. ఏడాదిలో వాళ్ళకు సగటున 1.7 సార్లు వస్తే, మామూలుగా ఉన్నవాళ్ళకు 3.2 సార్లు వచ్చింది. నీళ్ళు తప్ప ఇంకేమీ లేదు. వాళ్ళు నెలసరి ఆగనివాళ్ళు, ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు, అది గుర్తుంచుకోవాల. గుండె బలహీనం ఉన్నోళ్ళు, కిడ్నీ దెబ్బతిన్నోళ్ళు ఎన్ని నీళ్ళు తాగాలో డాక్టరునడిగే పెంచుకోండి.

మైక్రో_మేడమ్_అనంత
షుగర్ ఏం చేస్తుందో రాస్తానన్నా కదా.

తెల్లకణాలనుంచి మొదలుపెడతా. రక్తంలో చక్కెర బాగా ఎక్కువున్నప్పుడు న్యూట్రోఫిల్స్ మందగిస్తాయి. క్రిమి ఉన్నచోటికి వెళ్ళడం ఆలస్యం, మింగడం తక్కువ, మింగినదాన్ని చంపడమూ తక్కువే.

రెండోది గోడలోని సోరియాసిన్. స్వీడన్‌లో కరోలిన్‌స్కా ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2022లో నేచర్ కమ్యూనికేషన్స్ పత్రికలో దీనిమీద రాశారు. షుగర్ ఉన్నవాళ్ళ మూత్రంలో, రక్తంలో, మూత్రసంచి కణాల్లో సోరియాసిన్ తగ్గి ఉంది. ఇంకా షుగర్ రాని, అంచుమీద ఉన్నవాళ్ళలో కూడా తగ్గుదల కనిపించింది. చక్కెర ఎక్కువైనచోట గోడ కణాల మధ్య అతుకులు కూడా వదులయ్యాయి, క్రిములు ఎక్కువగా నిలిచాయి. నేను ఈ విషయం చదివిన రోజే క్లాసులో చెప్పేశా. అంతకుముందు "షుగర్‌లో రక్షణ తగ్గుతుంది" అని గుండుగుత్తగా చెప్పేవాళ్ళం, ఇప్పుడు ఏ ప్రోటీన్ తగ్గుతోందో వేలు పెట్టి చూపించగలుగుతున్నాం.

మూడోది ఇన్సులిన్. 2018లో అమెరికాలోని ఒహాయో పరిశోధకులు చూపించారు: కిడ్నీ గొట్టాల్లోని కణాలు క్రిములను చంపే ప్రోటీన్లు చేయడానికి ఇన్సులిన్ సంకేతం కావాలి. ఎలుకల్లో ఆ కణాలకు ఇన్సులిన్ సంకేతం అందకుండా చేస్తే ఇన్ఫెక్షన్లు పెరిగాయి. అంటే ఇన్సులిన్ పని చక్కెర దించడంతో అయిపోలేదు, కిడ్నీ కాపలాలో దానికి సొంత వాటా ఉంది.

నాలుగోది నరాలు. దాని గురించి నర్సు గారు నాకన్నా బాగా చెప్తారు.

కడప_కారం
ఇదంతా సరే, అసలు కారణం వదిలేసినారు. మూత్రంలో చక్కెర! రక్తంలో 180 దాటితే కిడ్నీ చక్కెరను మూత్రంలోకి వదిలేస్తాది. క్రిములకు అదే విందు. మా ఇంటామెకు డాపాగ్లిఫ్లోజిన్ మాత్ర రాసినారు, అది చక్కెరను మూత్రంలోకి తోసేదే. నెల తిరక్కముందే కింద దురద, మంట. మాత్ర ఆపేసినాం, తగ్గింది. ఇంకేం రుజువు కావాల?

మైక్రో_మేడమ్_అనంత
@కడప_కారం మీరు చెప్పింది వినడానికి సూటిగానే ఉంది, చాలాకాలం అందరూ అట్లాగే అనుకున్నారు. కానీ ఆ మాత్రలే దీన్ని పరీక్షకు పెట్టినట్టయింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వాడేవాళ్ళ మూత్రంలో రోజంతా చక్కెర పోతూనే ఉంటుంది. చక్కెర ఒక్కటే కారణమైతే వాళ్ళందరికీ మూత్రసంచి ఇన్ఫెక్షన్లు కుప్పలుగా రావాలి. పెద్ద పెద్ద ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే అట్లా పెద్దగా పెరగలేదు. పెరిగింది బయట, జననాంగాల దగ్గర వచ్చే ఫంగస్. దురద, పెరుగు విరిగినట్టు తెల్లబట్ట, ఎర్రబడడం, ఇవన్నీ ఫంగస్ గుర్తులు. మీ ఇంట్లో వచ్చింది అదే అయ్యుండొచ్చు. దానికి మందు వేరు, మామూలు యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది.

కడప_కారం
అయినా మూత్రంలోనే గదా మంట. మాకు తేడా ఎట్ల తెలుస్తాది?

స్టాఫ్‌నర్సు_సీమ
మంట ఎక్కడ మొదలవుతాందో అడుగన్నా. మూత్రం బయటి చర్మానికి తగిలినప్పుడు మండుతూ పైన దురద ఉంటే ఎక్కువగా ఫంగస్. పోసేటప్పుడు లోపల మంట, అయిపోయినాక కూడా ఇంకా వచ్చేట్టుండడం, పొత్తికడుపు నొప్పి ఉంటే సంచిలో ఇన్ఫెక్షన్. అనుమానముంటే చూపించుకోవాల.

ఇంకో మాట. మాత్ర ఆపినారు సరే, డాక్టరుకు చెప్పినారా? 2020లో పేటెంటు అయిపోయి రేటు దిగినాక ఇది మన ఊళ్ళల్లో కూడా చాలామందికి రాస్తాండారు. గుండెకు, కిడ్నీకి మేలు చేసే మాత్ర అది. చెప్పకుండా ఆపేస్తే షుగర్ ఎగిరి, ఇందాక మేడమ్ చెప్పిన గోడ బలహీనమవుతాది. శుభ్రంగా కడుక్కొని తడి లేకుండా ఉంటే చాలామందికి సర్దుకుంటాది. అయితే 2015లోనే అమెరికా మందుల శాఖ హెచ్చరించింది, ఈ రకం మాత్రలు వాడేవాళ్ళలో కొద్దిమందికి మూత్రం ఇన్ఫెక్షన్ రక్తానికి పాకిందని. అందుకని జ్వరం వస్తే మాత్రం తాత్సారం పనికిరాదు.

కడప_కారం
చెప్పలేదు. సోమవారం పోతాం. మాత్ర గురించి నా అభిప్రాయం మాత్రం ఇంకా మారలేదు, మేడమ్ చెప్పింది చదివి ఆలోచిస్తా.

రిటైర్డ్_హెడ్మాస్టర్
మగవాళ్ళకూ వస్తుంది నాయనా. నాకు షుగర్, పైగా ప్రోస్టేట్. మూత్రం పోసినాక అంతా అయిపోయిందనే అనిపించేది. స్కానింగ్‌లో చూస్తే ఇంకా లోపల నిలిచే ఉంది. బయటికి రాని ఆ నీళ్ళలోనే క్రిములు పెరిగాయని యూరాలజీ డాక్టరు చెప్పారు.

స్టాఫ్‌నర్సు_సీమ
మాస్టారు చెప్పిందే మేడమ్ వదిలిన నాలుగోది. షుగర్ ఏండ్లతరబడి ఉంటే కాళ్ళ నరాలు మొద్దుబారినట్టే మూత్రసంచి నరాలూ మొద్దుబారతాయి. నిండిన సంగతి తెలియదు, గట్టిగా పిండనూ పిండదు. రోజంతా సంచిలో కొంత నిలువ ఉండిపోతాది. ధార అనే మొదటి రక్షణ అక్కడే పోయె. దీనికి ఏ యాంటీబయాటిక్ వేసినా తిరగబెడతానే ఉంటాది.

@జొన్నరొట్టె_కర్నూలు, స్కానింగ్ రాస్తే మూత్రం పోసినాక ఎంత మిగిలిందో కూడా చూడమని అడుగు. నిండుగా ఉన్నప్పుడొకసారి, పోసి వచ్చినాక ఒకసారి చూస్తారు. మా వార్డులో మేము చెప్పేది ఇది: గడియారం చూసుకొని మూడు నాలుగు గంటలకోసారి పోవాల, తొందరపడకుండా కూచోవాల, అయిపోయిందనుకున్నాక కాసేపాగి ఇంకోసారి ప్రయత్నించాల. రెండోసారి ఎంత వస్తాదో చూసి ఆశ్చర్యపోతారు.

తుంగభద్ర_అక్క
అమ్మకు అరవై దాటినాయంటే ఇంకోటి అడగాల, ఎవరూ సిగ్గుతో అడగరు. నెలసరి ఆగిపోయినాక ఈస్ట్రోజన్ తగ్గిపోతాది. దాంతో యోని లోపల ఉండే మంచి బ్యాక్టీరియా, ల్యాక్టోబాసిల్లై, తగ్గుతాయి. అవే అక్కడ పులుపు నిలబెట్టి ఈ.కోలైని దగ్గరకు రానియ్యవు. నాకు మా లేడీ డాక్టరు లోపల పూసుకునే ఈస్ట్రోజన్ క్రీము రాసింది. నా బాధ చాలావరకు తీరింది. ఇంట్లో మగోళ్ళ ముందు చెప్పలేక ఎంతమంది ఆడోళ్ళు ఓర్చుకుంటాండారో.

మైక్రో_మేడమ్_అనంత
అక్కా, ఈ మాట మీరే చెప్పినందుకు చాలా సంతోషం. దానికి గట్టి ఆధారముంది. 1993లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది: నెలసరి ఆగిన, మళ్ళీ మళ్ళీ ఇన్ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో క్రీము వాడినవాళ్ళకు ఏడాదికి సగటున 0.5 సార్లు, ఉత్తి క్రీము పూసుకున్నవాళ్ళకు 5.9 సార్లు. నేను చెప్పిన కరోలిన్‌స్కా వాళ్ళు కూడా చక్కెర వల్ల తగ్గిన సోరియాసిన్‌ను ఈస్ట్రోజన్ ఇచ్చి తిరిగి పెంచగలిగారు. అది ప్రయోగశాలలో పెంచిన కణాల్లో. షుగర్ ఉన్న మనుషులకు ఇదే మందని ఇప్పుడే చెప్పడానికి లేదు. రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్ళు, కారణం తెలియకుండా రక్తస్రావం అవుతున్నవాళ్ళు డాక్టరుతో మాట్లాడకుండా ముట్టకూడదు.

వేరుశనక్కాయ
మేడమ్, ఒక అనుమానం. క్రిమి మ్యానోజ్‌ను పట్టుకుంటాది అంటిరి. మందుల షాపులో డి-మ్యానోజ్ పొడి అమ్ముతాండారు. అది తాగితే మూత్రంలోకి వచ్చి క్రిమి దాన్నే పట్టుకోని పోతాది గదా?

మైక్రో_మేడమ్_అనంత
క్లాసులో ఉంటే నీకు ఫుల్ మార్కులు. సరిగ్గా ఆ ఆలోచనతోనే అమ్ముతారు. బ్రిటన్‌లో దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించి 2024లో ఫలితం చెప్పారు: రోజూ తాగినా ఉత్తి పొడికన్నా మేలేమీ కనిపించలేదు. ఆలోచన బాగుంది, ఒళ్ళు ఒప్పుకోలేదు.

వేరుశనక్కాయ
క్రాన్‌బెర్రీ?

మైక్రో_మేడమ్_అనంత
మళ్ళీ మళ్ళీ వచ్చే ఆడవాళ్ళలో కొంత తగ్గిస్తుందని, జరిగిన పరిశోధనలన్నీ కలిపి చూసే కాక్రేన్ సమీక్ష 2023లో చెప్పింది. వచ్చిన ఇన్ఫెక్షన్‌ను మాన్పదు. పైగా డబ్బా జ్యూసు నిండా చక్కెర, షుగర్ వాళ్ళకు అది తాగించి రక్షణ పెంచుతామనడం కుదరదు.

జొన్నరొట్టె_కర్నూలు
అయితే ఆ ఇమ్యూనిటీ పౌడర్?

పెన్నా_ఒడ్డు
ఇంకా ఇంట్లోనే ఉందా డబ్బా!

మైక్రో_మేడమ్_అనంత
సోరియాసిన్ పెంచే పొడి, నరాలకు స్పర్శ తెచ్చే పొడి ఏదీ లేదు. ఆ డబ్బాలో ఏముందో, కిడ్నీకి పడుతుందో లేదో కూడా తెలియదు. మీ అమ్మగారి షుగర్ 10.2 నుంచి 8కి దిగితే తెల్లకణాలు, గోడ కణాలు అన్నీ మెరుగుపడే అవకాశముంది. డబ్బు అటు పెట్టండి.

ల్యాబ్_టెక్_నంద్యాలరోడ్
నాది ఒక్కటే మొర. ప్రతిసారీ మెడికల్ షాపులో "మంట మాత్ర" అడిగి రెండు రోజులు మింగి, తగ్గకపోతే మా దగ్గరికి కల్చర్‌కు, అంటే మూత్రంలోని క్రిమిని ప్లేటుమీద పెంచి అదేందో, ఏ మందుకు లొంగుతాదో చూసే పరీక్షకు వస్తారు. అప్పటికి మందు సగం క్రిములను చంపి, మొండివాటిని మిగిల్చుంటాది. ప్లేటుమీద ఏమీ పెరగదు, రిపోర్టు "గ్రోత్ లేదు" అని పోతాది, జబ్బు మాత్రం ఉంటాది. సిప్రోఫ్లాక్సాసిన్ లాంటివాటికి మన దేశంలో ఈ.కోలై బాగా మొండికేసింది. కల్చర్ లేకుండా గుడ్డిగా మింగడం దండగ.

మాత్ర వేసుకోకముందే శాంపిల్ ఇయ్యాల. కింద నీళ్ళతో కడుక్కొని, మొదటి ధార వదిలేసి, నడిమి ధార ల్యాబ్ ఇచ్చిన డబ్బాలోనే పట్టాల. డబ్బా లోపల వేలు పెట్టగూడదు, ఇంట్లోని హార్లిక్స్ సీసా పనికిరాదు. ముఖ్యంగా మన ఎండలు! పొద్దున ఏడింటికి పట్టి, స్కూటరు డిక్కీలో పెట్టి, పిల్లోన్ని బడిలో దించి, కూరగాయలు కొని పదకొండుకు తెచ్చిస్తారు. ఆ వేడికి డబ్బాలోనే క్రిములు పెరిగిపోయుంటాయి. మిల్లీలీటరుకు లక్ష ఉన్నాయా లేదా అని మేం లెక్కపెట్టేది, సంచిలో ఉన్నవా, డిక్కీలో పుట్టినవా? గంటలోపల ఇయ్యండి. కుదరకపోతే ఫ్రిజ్‌లో పెట్టి, ఐసు పక్కన తెండి.

ఆదోని_పత్తి
మా ఆవిడకు షుగర్ చెకప్‌లో భాగంగా మూత్రం చూస్తే బ్యాక్టీరియా ఉండాదన్నారు. ఆమెకు మంటా లేదు, జ్వరమూ లేదు. మాత్రలు వాడాల్నా?

స్టాఫ్‌నర్సు_సీమ
బాధ ఏమీ లేకుండా క్రిములు ఉండడం షుగర్ ఉన్న ఆడవాళ్ళలో మామూలే. గర్భిణీ అయితేనో, మూత్రనాళానికి ఆపరేషన్ ఉంటేనో తప్ప దానికి యాంటీబయాటిక్ అక్కర్లేదని మార్గదర్శకాలు చెప్తాయి. వేసినా మళ్ళీ వస్తాయి, మొండి క్రిములు మిగులుతాయి. మీ డాక్టరుకు రిపోర్టు చూపించి, బాధేమీ లేదని గట్టిగా చెప్పండి.

కడప_కారం
వాడకపోతే కిడ్నీకి పాకితే? మా పెదనాయనకు అట్లనే అయింది. షుగర్ మనిషి, రెండు రోజులు నడుము పక్కన నొప్పి అని పండుకున్నాడు, జ్వరం పెద్దగా లేదు. వాంతులు మొదలై మాట తడబడితే కడపలో ఆస్పత్రికి తీసకపోయినాం. సీటీ తీస్తే కిడ్నీలో గ్యాసు పట్టిందన్నారు. బతికినాడు గానీ చావు తప్పి కన్ను లొట్టపోయినట్టయింది.

స్టాఫ్‌నర్సు_సీమ
@కడప_కారం పెదనాయన బతికినందుకు నిజంగా సంతోషమన్నా. ఆ గ్యాసు పట్టే జబ్బు వచ్చేవాళ్ళలో నూటికి తొంభైమంది షుగర్ వాళ్ళే. మీ పెదనాయనకు నొప్పి ఉంది, వాంతులు ఉన్నాయి. ఆదోని అన్న ఇంట్లో ఏ బాధా లేదు. ఆ తేడాయే ముఖ్యం.

అందరూ ఇది గుర్తుపెట్టుకోండి: చలితో జ్వరం, నడుముకు ఒకపక్క పక్కటెముకల కింద నొప్పి, వాంతులు, మాట తడబడడం, మత్తుగా ఉండడం. వీటిలో ఏది ఉన్నా తెల్లారేదాకా ఆగొద్దు. కర్నూలు, అనంతపురం పెద్దాసుపత్రులు, కడప రిమ్స్, మీకు ఏది దగ్గరైతే అది, రాత్రయినా పోండి. షుగర్ ఉన్న పెద్దవాళ్ళలో జ్వరం సరిగ్గా కనబడకపోవచ్చు, గ్లూకోమీటరులో అంకె ఉన్నట్టుండి 350, 400కు ఎగరడమే మొదటి గుర్తు కావచ్చు. ఇన్ఫెక్షన్ షుగర్‌ను పెంచుతాది, పెరిగిన షుగర్ ఇన్ఫెక్షన్‌ను పెంచుతాది.

జొన్నరొట్టె_కర్నూలు
మీరు చెప్పినవన్నీ కాగితంమీద రాసుకొని అమ్మను తీసకపోయినా. ఈసారి డాక్టరు కూడా కూచోబెట్టి విన్నాడు. మాత్ర వేయకముందే కల్చర్ ఇచ్చినాం, ఫ్రిజ్‌లో పెట్టే పని లేకుండా ల్యాబ్‌లోనే పట్టించినా. ఈ.కోలై కాదు, క్లెబ్సియెల్లా అనే ఇంకో బ్యాక్టీరియా అని వచ్చింది. ఇంతకాలం మింగిన మాత్ర ఎదురుగా "ఆర్" అని ఉంది, అంటే లొంగదంట. స్కానింగ్‌లో పోసినాక కూడా 160 మిల్లీలీటర్లు మిగిలింది. కొన్నాళ్ళు ఇన్సులిన్ పెట్టినారు. సూది అంటే అమ్మ ఏడ్చింది. ఇన్సులిన్ కిడ్నీకి కూడా కాపలా అని మేడమ్ రాసింది చదివి వినిపిస్తే ఒప్పుకుంది. క్రీము గురించి లేడీ డాక్టరును వచ్చే వారం అడుగుతాం. డబ్బా వెనక్కి ఇచ్చేసినా.

తుంగభద్ర_అక్క
అమ్మకు సూది మొదట్లోనే భయం, తర్వాత టిఫిన్ ముందు తనే వేసుకుంటాది. ఉగ్గాని మాత్రం రోజూ వద్దను.

పాతబస్తీ_చాయ్
మొత్తం చదివినా. మా అమ్మీజాన్‌కు షుగర్, పోయినేడు రెండుమార్లు ఇట్లనే ఇన్ఫెక్షన్. రంజాన్‌కు రోజా ఉంటానంటాంది, వద్దంటే మనసు కష్టపెట్టుకుంటాది. నీళ్ళు లేకుండా పద్నాలుగు గంటలు. ఏం చేయాల?

స్టాఫ్‌నర్సు_సీమ
రంజాన్‌కు నెల, నెలన్నర ముందే డాక్టరు దగ్గరికి తీసకపో తమ్ముడూ. షుగర్ బాగా ఎక్కువున్నా, ఇన్సులిన్‌మీద అంకెలు పైకీ కిందికీ పోతాన్నా, కిడ్నీ దెబ్బతినున్నా వద్దనే చెప్తారు. జబ్బు మనిషికి మినహాయింపు ఉందని మీ పెద్దలకూ తెలుసు, మసీదులో హజ్రత్‌తో చెప్పిస్తే అమ్మ మనసు నిమ్మళిస్తాది. ఉండొచ్చంటే మాత్రల వేళలు మార్పించుకో. డాపా రకం మాత్ర ఉంటే తప్పకుండా చెప్పాల, అది నీళ్ళు లాగేస్తాది. ఇఫ్తార్‌నుంచి సెహ్రీ దాకా నీళ్ళు కొంచెం కొంచెంగా తాగుతానే ఉండాల, ఒకేసారి గటగటా కాదు. రూహ్ అఫ్జా షర్బత్ వద్దు. రోజాలో ఉన్నా వేలు గుచ్చి షుగర్ చూసుకోవచ్చు, దానికి రోజా పోదని పెద్దలు చెప్తారు. 70కి తగ్గినా, 300 దాటినా, చలి జ్వరం వచ్చినా ఆ రోజు విడిచేయాల.

పాతబస్తీ_చాయ్
హజ్రత్ మాట అయితే వింటాది. శుక్రవారం నమాజు అయినాక అడుగుతా. డాపానే వాడతాంది, ఆ మాట డాక్టరుకు మొదట చెప్తా.